మా పేరు చెప్పి భయపడకండి

తెలుగు వినోద ఛానెళ్లలో ఏ కథ తీయాలో, ఎవరిని తెర మీద నిలబెట్టాలో నిర్ణయించే పెద్దలకు నమస్కారం.

నేను నరసాపురం దగ్గర వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో కేబుల్ ఆపరేటర్‌ను. 1993లో మేడ మీద డిష్షు బిగించి, కొబ్బరి చెట్టు నుంచి కొబ్బరి చెట్టుకు తీగ లాగి పని మొదలుపెట్టాను. అప్పటికి తెలుగంటే దూరదర్శన్ ఒక్కటే. 1995లో రెండు ప్రైవేటు తెలుగు ఛానెళ్లు వచ్చాయి. 1996 నవంబరు 6 తుపానుకు నా తీగలు చెట్లతో సహా నేల మీద పడ్డాయి. ఏటికి అవతల కోనసీమలో మనుషులే పోయారు. ఆ నెల తిరగకుండానే మా ఊరివాళ్లు నన్ను పట్టుకుని టీవీ ఎప్పుడు వస్తుందని అడగడం మొదలుపెట్టారు. కరెంటు కూడా అప్పటికి సరిగా రాలేదు. మీరు తీసేదాన్ని ఇంటింటికీ మోసేది మాలాంటివాళ్లం. కొబ్బరి మట్ట పడి తీగ తెగినా, ఉడత కొరికినా, రాత్రి సీరియల్ మొదలయ్యేలోపు అతికించకపోతే మాటలు పడేది మేమే.

ఈ ఉత్తరానికి కారణం ఒక గ్లాసు టీ. ఆ మధ్య మా ఏటిగట్టు మీద మీలో ఒకరి సీరియల్ షూటింగ్ జరిగింది. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. జనరేటర్ మొరాయిస్తే మా కంట్రోల్ రూమ్ నుంచి లైను ఇచ్చాను. సాయంత్రం పని ముగిశాక నిర్మాణం చూసుకునే ఒకాయన మా అరుగు మీద కూర్చుని టీ తాగుతూ మాటల్లో చెప్పారు. ప్రధాన పాత్ర వేసే ఒక నటుడు తాను గే అని, అంటే తాను ప్రేమించేది మగవాళ్లనేనని, అందరికీ చెప్పేద్దామనుకున్నాడట. వద్దన్నారట. చెబితే ఒప్పందం పొడిగించేది లేదన్నారట. "మాకేమీ అభ్యంతరం లేదండి. హైదరాబాదులో ఎవరూ పట్టించుకోరు. మీ గోదావరి జిల్లాల వాళ్లే ఒప్పుకోరు. రేటింగ్ పడిపోతుంది" అన్నారు ఆయన, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ. ఆ నటుడి పేరు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన కారెక్కి వెళ్లిపోయారు గానీ ఆ మాట మాత్రం పులస ముల్లులా నా గొంతులో ఉండిపోయింది. ఒక మనిషి నోరు నొక్కడానికి మా ఊరి పేరు వాడుకున్నారు. మమ్మల్ని ఎవరు అడిగారు?

మీకు మా సంగతి తెలిసేది రేటింగుల వల్ల. దేశం మొత్తం మీద 50,000 పైచిలుకు ఇళ్లలో పెట్టిన మీటర్లు ఆ లెక్క తేలుస్తాయి. మా ఊళ్లో అలాంటి మీటరు ఉందో లేదో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. ఏ ఛానెల్ ఎంతసేపు పెట్టారో అది చెబుతుంది. ఎందుకు తీసేశారో చెప్పదు. అది చెప్పగలిగినవాడిని నేను. 2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం వచ్చి, ఏ ఛానెల్ కావాలో ఇంటివాళ్లే ఎంచుకోవలసి వచ్చినప్పుడు కాగితం, పెన్ను పట్టుకుని గడప గడపా తిరిగాను. మొదటి వంద ఛానెళ్లకు 130 రూపాయలు, పైన పన్ను, ఆ పైన డబ్బు కట్టి చూసేవాటికి విడివిడిగా ధర. ఒక్కొక్క ఇంట్లో అరగంట పట్టింది. ఏ ఛానెల్ ఎందుకు వద్దంటున్నారో నా చెవులతో విన్నాను. ధర ఎక్కువ. పిల్లాడికి పదో తరగతి పరీక్షలు. క్రికెట్ అయిపోయింది. ఒకావిడైతే తాను చూసే సీరియల్లో అత్తగారు చచ్చిపోయింది కాబట్టి ఇక ఆ ఛానెల్‌తో పని లేదంది. విలువలు, సంప్రదాయం, సంస్కృతి అన్న మాటలు మీ చర్చా కార్యక్రమాల్లో వింటుంటాను. ఆ కాగితం మీద మాత్రం ఒక్కసారి కూడా రాయలేదు.

అందుకని ఒప్పుకోరన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రేక్షకుడు ఫిర్యాదు చేస్తే మీరు 15 రోజుల్లో జవాబివ్వాలి కదా. ఒక పాత్ర గే అయినందుకో, ఒక నటి ట్రాన్స్‌జెండర్, అంటే పుట్టినప్పుడు మగపిల్లాడన్నా తాను ఆడదాన్నని తెలుసుకున్న మనిషి, అయినందుకో ఏలూరు కాలువ నుంచి అంతర్వేది దాకా ఎంతమంది ఫిర్యాదు చేశారో ఆ దస్త్రం తీసి చూపించండి. కట్టలు కట్టలుగా ఉంటే ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను.

మా వెనక వీధిలో లేసు అల్లే పిన్ని ఒకావిడ ఉంది. ఎప్పుడో మిషనరీలు నేర్పిన నరసాపురం లేసు గురించి మీరు వినే ఉంటారు, 2024లో అది మా ప్రాంతం సొంతమని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు వల్ల అల్లే మనిషి చేతికి ఎంత వచ్చిందన్నది వేరే ఉత్తరం. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆవిడ టీవీ ముందు గోడకు ఆనుకుని కూర్చుంటుంది. చేతిలో సూది, ఒళ్లో దారపు ఉండ, కళ్లు తెర మీద. అల్లికను చూడవలసిన పని ఆవిడకు లేదు, వేళ్లకే తెలుసు. అత్తాకోడళ్లు అరుచుకుంటున్నా ఆ వేళ్లు ఆగవు. పాయసంలో విషం కలుపుతున్నా ఆగవు. 2021లో బిగ్ బాస్ ఐదో సీజన్లో ప్రియాంక సింగ్ అనే ట్రాన్స్ మహిళ తన తండ్రి గురించి మాట్లాడుతున్నప్పుడు మాత్రం ఆగాయి. రిమోట్ పాడైందంటే కొత్తది ఇవ్వడానికి వెళ్లి నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆవిడ తెర మీది నుంచి చూపు తిప్పకుండానే, "ఆ తండ్రి ఒప్పుకుంటాడంటావా అబ్బాయ్?" అంది. సూది అలాగే గాలిలో ఉంది. ప్రకటనలు వచ్చాక మళ్లీ వేళ్లు కదిలాయి.

ప్రియాంక అంతకు ముందు మీ కామెడీ షోలలో ఆడవేషాలతో పేరు తెచ్చుకున్న మనిషి. ట్రాన్స్ మహిళగా ఆ ఇంట్లోకి వెళ్లి పదమూడు వారాలు ఉంది. రెండేళ్ల ముందు, 2019లో, తమన్నా సింహాద్రి అనే మరో ట్రాన్స్ మహిళ వచ్చింది. ఆ వారాలన్నింటిలో ఈ కారణంగా ఆ ఛానెల్ తీసెయ్యమని నాకు ఒక్క ఫోను రాలేదు. అందరూ చేతులెత్తి దణ్ణం పెట్టారని అబద్ధం చెప్పను. రామాలయం అరుగు మీద కుర్రాళ్లు నవ్వారు, అనకూడని మాటలు అన్నారు. అంటూనే చూశారు. మర్నాడు ఎవరు బయటికి వెళ్తారని పందెం కూడా కట్టారు.

మీరు భయపడేదానికి పాత ఉదాహరణ ఒకటి ఉంది, దాన్ని దాచను. 1997 ఏప్రిల్‌లో అమెరికా హాస్యనటి ఎలెన్ డిజెనరెస్ తాను లెస్బియన్ అని, అంటే ఆడవాళ్లను ప్రేమించే ఆడదాన్నని, ఒక పత్రిక ముఖచిత్రం మీద ప్రకటించింది. అదే నెల 30న ఆమె సీరియల్లో ఆమె పాత్ర కూడా ఆ మాట చెప్పింది. ఆ ఒక్క రాత్రి సుమారు 4.2 కోట్ల మంది చూశారు. కొన్ని పెద్ద కంపెనీలు ప్రకటనలు విరమించుకున్నాయి. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో స్థానిక స్టేషను ఆ భాగాన్ని వేయనంది. నా వృత్తి వల్లనేమో, ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆ తరువాత జరిగింది: ఆ ఊరివాళ్లు ఒక హాలు మాట్లాడుకుని, ఉపగ్రహం నుంచి నేరుగా సిగ్నల్ దింపుకుని అందరూ కలిసి చూశారు. మధ్యలో ఉన్నవాడు వద్దన్నాడే గానీ చూసేవాడు వద్దనలేదు. ఆ డిష్షు బిగించినవాడెవడో నాకు తెలియదు గానీ మా కులవృత్తివాడే.

మరుసటి ఏడాది ఆ సీరియల్‌ను ఆపేశారు. ప్రతి భాగం ముందూ పిల్లల విషయంలో తల్లిదండ్రులకు హెచ్చరిక వేసి, దాన్ని ఏదో అంటురోగంలా చూపించి, ఆపైన జనం చూడటం లేదన్నారు. ఆ భాగంలో ఆమె పక్కన నటించిన లారా డెర్న్‌కు కూడా ఆ తరువాత ఏడాది పైగా పని దొరకలేదని ఆవిడే చెప్పుకుంది. ఎలెన్‌కు కొన్నేళ్లు చీకటి. మీరు కథను ఇక్కడి దాకే చెబుతారు. తరువాతి సగం నేను చెబుతాను. ఆమె సీరియల్ ఆగిన 1998లోనే, సెప్టెంబరులో, మరో ఛానెల్ గే కథానాయకుడితో ఒక హాస్య సీరియల్ మొదలుపెట్టింది. అది 2006 దాకా నడిచింది. ఎలెన్ 2003లో పగటిపూట ముఖాముఖి కార్యక్రమంతో తిరిగి వచ్చి 2022 దాకా, పందొమ్మిదేళ్లు, గృహిణుల ఇళ్లలోకి రోజూ వెళ్లింది. చివర్లో ఆమె మీద కోపం వచ్చిన మాట నిజమే. 2020లో ఆ కార్యక్రమంలో పనిచేసేవాళ్లను ఎలా చూశారన్న దాని మీద వచ్చిన ఫిర్యాదుల వల్ల వచ్చింది. అంటే తప్పు చేస్తే ఎవరినైనా తిట్టినట్టే ఆమెనూ తిట్టారు. అంతకన్నా సమానత్వం ఏముంటుందని నాకు నవ్వొచ్చింది.

ఆ అరుగు మీద ఆయన ఇంకో మాట అన్నారు. "గే అని తెలిశాక హీరోయిన్ పక్కన నిలబడి ప్రేమిస్తున్నానంటే ఎవరు నమ్ముతారండి?"

ఈ మాట తెలుగువాడు అనవలసింది కాదు. రంగస్థలం మీద ఆడవేషాలు వేసిన స్థానం నరసింహారావు గారు మగవాడని తెలియనివాడు ఆంధ్రదేశంలో ఉన్నాడా? ఆయన సత్యభామ అలక చూడటానికి బళ్లు కట్టుకుని వెళ్లారు. ఆయన కట్టిన చీర, పెట్టిన బొట్టు చూసి ఇంటి ఆడవాళ్లు నేర్చుకున్నారని మా తాతయ్య చెప్పేవాడు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ సంగతి సరే సరి, ఆయనకూ 1970లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల సొంత జీవితాల గురించి నేను ఏమీ అనడం లేదు, ఆడవేషం వేసినంత మాత్రాన ఎవరూ ఏమీ అయిపోరు. నేను అడిగేది ప్రేక్షకుడి సంగతి. ముఖానికి అరిదళం పూసుకుని, సవరం పెట్టుకుని వచ్చిన మగవాడిని కృష్ణుడి పెళ్లాంగా నమ్మి, ఆమె ఏడిస్తే ఏడ్చిన జనం మేము. ఇంటికి వెళ్లి ఎవరిని ప్రేమిస్తాడన్నది తెలిస్తే తెర మీద ప్రేమను నమ్మలేమా? నీల్ ప్యాట్రిక్ హ్యారిస్ అనే అమెరికా నటుడు 2006లో తాను గే అని చెప్పాడు. అప్పటికి ఏడాదిగా ఒక హాస్య సీరియల్లో అమ్మాయిల వెంట పడే పాత్ర వేస్తున్నాడు. చెప్పాక కూడా 2014 దాకా అదే పాత్ర, అదే వెంటపడటం. జనం నవ్వుతూనే ఉన్నారు.

మన పక్కన చూసినా అంతే. తమిళ టీవీలో 2008లోనే రోజ్ వెంకటేశన్ అనే ట్రాన్స్ మహిళ సొంత ముఖాముఖి కార్యక్రమం నడిపింది. 2014లో కోయంబత్తూరులో పద్మిని ప్రకాశ్ అనే మరో ట్రాన్స్ మహిళ టీవీలో వార్తలు చదివింది. 2023లో మమ్ముట్టి, డెబ్బై దాటిన వయసులో, గే భర్త పాత్ర వేసిన మలయాళ సినిమాను సొంత సంస్థలో నిర్మించుకుని మరీ విడుదల చేశారు. ఆయన అభిమాన సంఘాలు జెండాలు పీకెయ్యలేదు.

పరుగుపందేల ద్యుతీ చంద్ గురించి కూడా ఒక్క మాట. ఒడిశా అమ్మాయి అయినా హైదరాబాదులో శిక్షణ పొందింది కాబట్టి మన ఇంటి పిల్లే అనుకుంటాం. 2019 మేలో తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పింది. సొంత ఇంట్లోవాళ్లే ఎదురు తిరిగారు. అదే జులైలో ఇటలీలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్లు 11.32 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చింది. ఆమె అదృష్టం ఏమిటంటే ఆమెకు అవకాశం ఇచ్చేది గడియారం. గోదావరి జిల్లాల వాళ్లు ఏమనుకుంటారో అని గడియారం టీ తాగుతూ ఆలోచించదు.

ఇప్పుడు మీ కామెడీ షోల సంగతి. హాస్యం గురించి మాకు కొంచెం తెలుసు. జంధ్యాల గారు పుట్టింది నరసాపురంలో, అల్లు రామలింగయ్య గారిది పాలకొల్లు. మనిషి పిసినారితనాన్ని, గొప్పలను, తిండిపోతుతనాన్ని చూసి ఎలా నవ్వాలో మా గాలిలోనే ఉంది. మీ స్కిట్లలో నడక కొంచెం మెత్తగా ఉన్న మగపిల్లాడు రాగానే నేపథ్యంలో ఒక కూత, వెనక నుంచి ఒక తన్ను, "వీడు తేడా" అని ఒక మాట, న్యాయనిర్ణేతల కుర్చీల్లోంచి పగలబడి నవ్వు. అందులో హాస్యం ఎక్కడుందో వెతకాలి. గే వేరు, ట్రాన్స్‌జెండర్ వేరు, ఆడవేషం వేసే నటుడు వేరు. మీ రచయితలకు తెలియని తేడా అదొక్కటే.

నేనూ నవ్వాను. అది కూడా చెప్పాలి. గురు, శుక్రవారాల రాత్రి భోజనం చేస్తూ నవ్వినవాళ్లలో నేనున్నాను.

నా ముప్పై ఏళ్ల పనిలో ఒక ఛానెల్‌లో వస్తున్నది బాగాలేదు, ఆపమని అడిగిన మనిషి ఒక్కడే. పదిహేడేళ్ల కుర్రాడు. నరసాపురంలో ఇంటర్ చదివేవాడు. ఒక సాయంత్రం దుకాణానికి వచ్చి, జనం వెళ్లేదాకా బల్ల చివర నిలబడి, పాత రిమోట్ల బుట్టలో చెయ్యి పెట్టి కెలుకుతూ, "మావయ్యా, మా బాక్సులో ఆ ఛానెల్ ఆపెయ్యడానికి వీలవుతుందా?" అన్నాడు. ఏ ఛానెల్ అంటే చెప్పాడు. చదువుకు అడ్డమా అంటే కాదన్నాడు. డబ్బు ఇబ్బందా అంటే కాదన్నాడు. చాలాసేపటికి విషయం వచ్చింది. రాత్రి వచ్చిన స్కిట్టు మర్నాడు పొద్దున కాలేజీలో మళ్లీ జరుగుతుందట. అక్కడ వేషం వీడిది. ఆ షోలో పాత్ర పేరుతోనే వీడిని పిలుస్తారట, ఒక లెక్చరర్‌తో సహా. "మరి మీ ఇంట్లో ఆపితే కాలేజీలో ఎలా ఆగుతుందిరా?" అన్నాను, తెలివైనవాడిలా. వాడు తల ఎత్తలేదు. "కాలేజీలో సరే మావయ్యా. ఇంట్లో నాన్న నవ్వుతాడు" అన్నాడు.

నేను ఆ రాత్రి ఆ ఛానెల్‌ను ఆ బాక్సులో ఆపేశాను. వినియోగదారుడి అనుమతి లేకుండా అలా చెయ్యకూడదు. నాకు తెలుసు. మూడో వారం వాళ్ల నాన్న ఫోను చేశాడు, ఆ ఒక్కటీ ఎందుకు రావడం లేదని. పైనుంచే సిగ్నల్ సమస్య అని చెప్పాను. మరో వారం గడిచాక ఆయనే దుకాణానికి వచ్చి నిలబడితే తిరిగి తెరిచాను. ఆయన చెడ్డవాడు కాదు. కొబ్బరి దింపు పని, రోజుకు ఎన్ని చెట్లెక్కుతాడో తెలియదు, రాత్రి పూట గంటసేపు నవ్వుకుందామనుకునే మనిషి. పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న తన కొడుకును చూసే ఆయన నవ్వుతున్నాడని ఆయనకు తెలియదు. మీకూ తెలియదు కాబట్టి చెబుతున్నాను.

ఆ కుర్రాడి కోసం ఆలోచిస్తే మీ నటుడి మౌనం వేరేగా కనిపిస్తోంది. రాత్రి ఏడున్నరకు ఇంటిల్లిపాదీ చూసే సీరియల్లో, ఆ తండ్రి మెచ్చుకునే కథానాయకుడు, ఒక పండగ కార్యక్రమంలో వచ్చి తాను గే అని మామూలుగా చెప్పి పక్క మాటలోకి వెళ్లిపోయి ఉంటే, ఆ ఇంట్లో ఏదో ఒకటి జరిగేది. ఏం జరిగేదో నాకు తెలియదు. టీవీ కట్టేసేవాడేమో. కట్టేసినా, మర్నాడు సీరియల్ కోసం మళ్లీ పెట్టేవాడు. అది మాత్రం ఖాయం.

అలాగని చెప్పి తీరాలని ఎవరినీ అనకండి. చెప్పుకోవడం ఆ మనిషి ఇష్టం. ఈ విషయంలో తెలుగు టీవీకి ఒక మచ్చ ఉంది. 2011 ఫిబ్రవరిలో ఒక తెలుగు వార్తా ఛానెల్ హైదరాబాదులో గే సంస్కృతి పెరిగిపోయిందంటూ కొందరు మగవాళ్ల ఫొటోలు, ఫోనులో రహస్యంగా తీసుకున్న మాటలు ప్రసారం చేసింది. వాళ్లు నటులు కారు, నాయకులు కారు, ఎవరికీ ఏ హానీ చేసినవాళ్లు కారు. వార్తా ప్రసార ప్రమాణాల సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ చెప్పించింది. లక్ష రూపాయలు. అప్పుడు ఆ ప్రసారాన్ని మా ఊరికి మోసినవాళ్లలో నేనూ ఉన్నాను, నాకెవరూ జరిమానా వెయ్యలేదు. మన పత్రికల భాష చూడండి: ఈ విషయం చెప్పినవాడు 'బయటపడ్డాడు' అంటారు, 'గుట్టు విప్పాడు' అంటారు. బయటపడేది దొంగతనం, గుట్టు రట్టయ్యేది ముఠా. అక్కకు పెళ్లి కుదిరిందని చెప్పినట్టు చెప్పే మాటకు ఇంత చప్పుడు ఎందుకు?

చట్టం దగ్గర మీకు అడ్డు లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ విషయంలో తేల్చి చెప్పింది, వయసొచ్చిన ఇద్దరు, ఇద్దరూ మగవాళ్లయినా ఇద్దరూ ఆడవాళ్లయినా, ఇష్టపడి ఒకటవడం నేరం కాదని. అలాంటి జంటలకు పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరు 17 తీర్పులో ఇవ్వలేదు. ఆ పోరాటం ఎక్కడ జరగాలో అక్కడ జరుగుతుంది. ఒక నటుడి ఒప్పందం పొడిగించడానికి రాజ్యాంగ ధర్మాసనం అక్కర్లేదు. మీ సంతకం చాలు.

ఒక నటుడు చెప్పుకున్నాక అతనికి ఇక ఆ పాత్రలే ఇవ్వడం కూడా ఒక రకమైన బహిష్కారమే. చెప్పక ముందు పోలీసు, డాక్టరు, పెద్దింటి అల్లుడు, చెప్పాక పక్కింటి హాస్యగాడు. అలా చెయ్యకండి. ట్రాన్స్ మహిళను పిలిస్తే ఏడిపించే భాగంలో ఏడిపించి, వయొలిన్ వాయించి పంపెయ్యకండి. పూలమ్మేవాళ్లు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, రొయ్యల చెరువుల దగ్గర మేత లెక్కలు రాసేవాళ్లు మీ సీరియళ్లలో వందలమంది వస్తారు కదా, అందులో ఒకరు. కథ ఆమె పుట్టుక గురించి కాకుండా ఆమె అప్పు గురించి, అత్తగారి గురించి అయితే మాకు ఇంకా ఇష్టం. మా లేసు పిన్ని వేళ్లు అప్పుడు ఆగుతాయో లేదో నేను చూసి చెబుతాను. కావాలంటే మీరే రండి, సాయంత్రం ఏడు గంటలకు. ఆవిడ టీ ఇస్తుంది. మీ సీరియల్ బాగాలేకపోతే మొహం మీదే చెబుతుంది, దానికి మాత్రం సిద్ధపడి రండి.

అరుగు మీద నాతో మాట్లాడిన ఆయనకు ఈ ఉత్తరం చేరితే, ఆ నటుడికి ఒక మాట అందజేయమని మనవి. గోదావరి జిల్లాల వాళ్లు ఒప్పుకోరని మీతో చెప్పిన మాటలో మా అనుమతి లేదు. మా ఊళ్లో నా దగ్గర 412 కనెక్షన్లున్నాయి. అందరి తరఫునా మాట్లాడే హక్కు నాకూ లేదు. నా ఇంటి కనెక్షను తరఫున మాట్లాడుతున్నాను.

ఆ కుర్రాడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చి, అమ్మ పేరున బాక్సు డబ్బు ఏడాదికి ఒకేసారి కట్టేస్తానన్నాడు. ఛానెళ్ల జాబితా ముందు పెట్టాను. తాపీగా ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటూ వచ్చి, ఒకచోట పెన్ను ఎత్తి, దాటేశాడు. "ఇది వద్దా?" అన్నాను. "అమ్మ చూసేవి ఇందులో రావు మావయ్యా. నాన్న కూడా మానేశాడు" అన్నాడు. ఎందుకు మానేశాడో అడగలేదు. ఆ నెల నుంచి మీ లెక్కలో 19 రూపాయల ఛానెల్ ఒకటి తగ్గింది, సరిచూసుకోండి.

ఇట్లు,
మీ ప్రసారాలను మోసే
ఒక కేబుల్ ఆపరేటర్,
నరసాపురం దగ్గర, పశ్చిమ గోదావరి జిల్లా